నలభై మూడు సార్లు

“నువ్వెలాగూ ఖాళీగానే ఉన్నావుగా అక్కా, నా పేజీ ఒక్కసారి చూసిపెట్టవా?” అని చిన్నకోడలు అడిగేసరికి పెద్దకోడలి రెండు చేతులూ మణికట్ల దాకా పిండిలో ఉన్నాయి. చిన్నకోడలి మూడేళ్ళ కూతురు ఆమె నడుము పట్టుకుని వేళ్ళాడుతోంది. చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కున్న ఫోనులో, అత్తగారిని చూడ్డానికి డాక్టరుగారికి నెలాఖరు దాకా ఖాళీ లేదని క్లినిక్‌లో అమ్మాయి చెబుతోంది. ఇంత లోకంలో ఖాళీగా ఉన్నది తనొక్కతేనన్న సంగతి పెద్దకోడలికి అప్పుడే తెలిసింది.

“లింకు పంపించు, చూస్తాలే,” అంది.

అన్నదమ్ములిద్దరి కాపురాలూ ఒకే ఇంట్లో. కింద వంటిల్లు, హాలు, అత్తగారి గది, పెద్దవాళ్ళ గది. పైన చిన్నవాళ్ళ గది, దాని పక్కన పాత పరుపులు పడేసే ఇంకో బుల్లి గది. నాలుగు నెలల కిందట ఆ పరుపులు ఎటో వెళ్ళిపోయి, వాటి స్థానంలోకి ఒక బల్ల, తిరిగే కుర్చీ, మెడ వంచే దీపం వచ్చాయి. చిన్నకోడలు డిజైన్ కోర్సు పూర్తి చేసింది. ఉద్యోగాలకి పెట్టుకునే ముందు తన పనులన్నీ ఇంటర్నెట్‌లో ఒకచోట పేర్చి చూపించుకోవాలి. దాని పేరు పోర్ట్‌ఫోలియో. అత్తగారికి ఆ మాట నోరు తిరగదు. “చిన్నమ్మాయి పోలియో పనిలో ఉంది, ఎవ్వరూ పైకెళ్ళి తలుపు కొట్టకండి,” అంటూ మెట్ల కింద కుర్చీ వేసుకుని కాపలా కాస్తుంది.

పెద్దకోడలికి ఆ మాటకి అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు, తర్వాత రెండేళ్ళు ఆమె మందుల అట్టపెట్టెలు డిజైన్ చేసే ఆఫీసులో పనిచేసింది. అగ్గిపెట్టెంత జాగాలో మందు పేరు, మోతాదు, హెచ్చరిక, గడువు తేదీ అన్నీ పట్టాలి, పట్టినవి ముసలి కళ్ళకి కూడా కనబడాలి. ఆ విద్య ఆమెకి బాగా వచ్చు. కూతురు పుట్టాక ఆఫీసువాళ్ళు పని ఇంటికే పంపిస్తామన్నారు. అప్పుడామె ఒక మూల, ఒక తలుపు అడిగింది. “ఇంట్లో కూర్చుని చేసేదానికి తలుపెందుకమ్మా, మేమేమన్నా పులులమా?” అంది అత్తగారు. భర్త నవ్వి, “ఆ చిన్నక్షరాలు నువ్వు దిద్దినా దిద్దకపోయినా చదివేదెవరు?” అన్నాడు. కంప్యూటరు భోజనాల బల్ల మీదికి వచ్చింది. పళ్ళేలు పెట్టేటప్పుడల్లా దాన్ని పక్కకి జరిపేవారు. జరిపి జరిపి రెండు నెలల్లో పనే పక్కకి జరిగిపోయింది. ఆమె పుట్టింట్లో ఉన్న వారంలో భర్త ఆ కంప్యూటరుని పాతసామాన్లవాడికి ఇచ్చేసి, “ఎంత చోటు కలిసొచ్చిందో చూడు,” అన్నాడు. ఆరేళ్ళ పని దాంతోపాటే వెళ్ళిపోయింది. ఆ చోటులో ఇప్పుడు చెప్పుల స్టాండు ఉంది. ఇది జరిగి తొమ్మిదేళ్ళు.

ఆ మధ్యాహ్నం, పాప ఆమె ఒళ్ళో నిద్రపోయాక, పెద్దకోడలు ఒంటిచేత్తో లింకు తెరిచింది.

ముందు ఒక పెద్ద ఫోటో. చిన్నకోడలు కిటికీలోంచి ఎటో చూస్తూ నవ్వుతోంది. కింద “నేను రంగులతో ఆలోచిస్తాను” అని ఉంది. ‘రంగులతో ఆలోచిస్తుందట. నిన్న పాప తెల్లగౌనుని ఎర్ర తువ్వాలుతో కలిపి ఉతకడానికి వేసింది కూడా అందుకే కాబోలు’ అనుకుంది పెద్దకోడలు. ఆ కిటికీ తనకి తెలుసు. దాని ఊచలు తుడిచేది తనే. తర్వాత పదకొండు పనులు. ఎక్కడా లేని ఒక కాఫీ దుకాణానికి బోర్డు, ఎవరూ వాడని ఒక మొక్కల యాప్, ఇంకేవో. కొన్ని బాగున్నాయి. ఒకటి, పిల్లల లైబ్రరీకి చేసిన ఏనుగు బొమ్మ, ఎంత బాగుందంటే పెద్దకోడలు కిందికి జరిపిన పేజీని మళ్ళీ పైకి జరిపి చూసింది. మిగతావాటి అక్షరాలు చూశాక కాస్త ఊరట కలిగింది. అక్షరాల మధ్య ఎడం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. తెల్లమీద లేతబూడిద రంగు రాత. నలభై దాటినవాళ్ళు చదవాలంటే భూతద్దం పట్టుకోవాలి. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు సాధారణంగా నలభై దాటినవాళ్ళే. ఈ విషయం చెప్పాలా? ‘ఎందుకు చెప్పాలి? అడిగింది చూడమని, చూశాను’ అనుకుని, “చాలా బాగుంది” అని మెసేజ్ పెట్టింది. పక్కన పువ్వు బొమ్మ కూడా పెట్టింది.

అక్కడితో వదిలేస్తే బాగుండేది. మర్నాడు మధ్యాహ్నం పాప నిద్రపోగానే వేలు దానంతటదే ఆ పేజీ మీదికి వెళ్ళింది. ఏనుగుకి ఏమైనా తప్పు దొరుకుతుందేమోనని చూసింది. దొరకలేదు. ఆ మర్నాడు మళ్ళీ. పన్ను నొప్పి పెడుతుంటే నాలుక అక్కడికే పోయినట్టు, కూర తరిగాక, బట్టలు ఆరేశాక, పాపకి మూతి తుడిచాక, వెళ్ళి చూసేది. ఆ ఫోటోలో వెనకాల బల్ల అంచు కనబడేది. బల్ల మీద ఒక కప్పు. ఆ కప్పు పైకి తీసుకెళ్ళి ఇచ్చింది ఎవరో ఫోటోలో లేదు. ఒక్కోసారి చూస్తూ చూస్తూ పాపతోపాటు తనూ కునికేది. లేచేసరికి ఫోనులో చిన్నకోడలు ఇంకా కిటికీలోంచి చూస్తూ నవ్వుతూనే ఉండేది.

రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం చిన్నకోడలు మెట్లు దడదడ దిగివచ్చింది.

“అక్కా! అత్తయ్యా! నా పేజీని ఎవరో నలభై మూడు సార్లు చూశారు!”

“నలభై మూడు మందా?” అంది అత్తగారు.

“కాదత్తయ్యా, ఒక్కరే! ఒకే ఫోను నుంచి. ఈ ఊళ్ళోనే. ఎవరెన్నిసార్లు చూశారో సైటు లెక్క చెప్తుంది కదా, ఇదిగో. ఎక్కువగా మధ్యాహ్నం రెండుకీ మూడుకీ మధ్య. ఒకసారైతే నలభై నిమిషాలు కదలకుండా చూశారు!”

పెద్దకోడలి చేతిలో గరిటె ఆగిపోయింది.

“ఎవరో పెద్ద కంపెనీవాళ్ళే,” అన్నాడు మరిది. “లంచ్ అయ్యాక తీరిగ్గా చూస్తారు వాళ్ళు. నలభై నిమిషాలంటే మాటలా? మా ఆవిడని నేనే అంతసేపు చూళ్ళేదు.”

“నువ్వు చూడవులే,” అంది చిన్నకోడలు. ముఖం వెలిగిపోతోంది. “నీకేమనిపిస్తోంది అక్కా?”

“ఎవరో బాగా పనిలేనివాళ్ళయ్యుంటారు,” అంది పెద్దకోడలు. అందరూ నవ్వారు. ఆమె కూర మాడిపోతోందన్న వంకతో అటు తిరిగింది. నిజంగానే మాడింది.

ఆ వారమంతా ఇంట్లో అదే మాట. అత్తగారు బంధువులందరికీ ఫోన్లు చేసి, “మా చిన్నమ్మాయి పోలియోని నలభై మూడు సార్లు చూసుకున్నారట,” అని చెప్పింది. అవతలివాళ్ళు కంగారుపడి పిల్ల ఎలా ఉందని అడిగారు. ఇంతలో మంగళవారం నాడు చిన్నకోడలికి నిజంగానే ఒక ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. మాట్లాడారు, నచ్చింది, చేరమన్నారు. శుక్రవారంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు.

“కానీ నేను వెళ్ళనక్కా,” అంది చిన్నకోడలు, వంటింటి గట్టు మీద కూర్చుని కాళ్ళూపుతూ. “మందుల అట్టపెట్టెలు చేసే ఆఫీసు. పొద్దస్తమానం ఆ చిన్నచిన్న అక్షరాలు! ఎవరు చేస్తారు చెప్పు? ఈ నలభై మూడు సార్లు చూసినవాళ్ళు ఇవాళో రేపో పిలుస్తారు. వాళ్ళ కోసం ఆగుతా.”

పెద్దకోడలు సింకు వైపు తిరిగింది. గిన్నె తోముతూ ఉండిపోయింది. తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది. తొమ్మిదేళ్ళుగా తను దేనికోసం లోపల్లోపల ఏడుస్తోందో, అది ఈ పిల్ల చేతికి వచ్చి పడింది. ఈ పిల్ల దాన్ని చీపురుపుల్ల తీసేసినట్టు తీసేస్తోంది. అదీ తన మూలంగా! ఒళ్ళు మండింది. మంట కాస్త చల్లారాక, దాని అడుగున ఇంకో ఆలోచన మెల్లిగా తల ఎత్తింది. ఈ పిల్ల కాదంటే ఆ ఆఫీసు కుర్చీలోకి ఇంకెవరో ఒకరు కావాలి కదా. తను నోరు మూసుకుంటే చాలు. నోరు మూసుకోవడంలో తనకున్న అనుభవం ఈ ఇంట్లో ఇంకెవరికుంది?

బుధవారం కూతురు బడికి వెళ్ళగానే దాని చదువుల కంప్యూటరు తీసి వంటింటి గట్టు మీద, పప్పుల డబ్బాల పక్కన పెట్టింది. తన పేజీ తను మొదలుపెట్టింది. పదకొండు వద్దు, మూడు చాలు అనుకుంది. చిన్నకోడలి పేజీని నలభై మూడు సార్లు చదివిన ఫలితం, ఏం చెయ్యకూడదో అంతా కంఠతా వచ్చేసింది.

మొదటిది పాత దగ్గుమందు పెట్టె. ఫైళ్ళు పోయాయి గానీ, ఆ పెట్టె ఇంకా అలాగే అమ్ముతున్నారు. మందుల షాపుకి వెళ్ళి అడిగింది.

“దగ్గు ఎవరికమ్మా? పొడిదగ్గా, కఫమా?” అన్నాడు షాపతను.

“ఎవరికీ లేదండీ. పెట్టె కోసం.”

అతను సీసా ఒకసారి, ఆమె ముఖం ఒకసారి చూసి, ఇంకేం అడగకుండా ఇచ్చేశాడు. ఆ పెట్టె మీద ‘పడుకునే ముందు మాత్రమే’ అన్న మాటని వెనక నుంచి ముందుకు తెచ్చింది తనే. దానికోసం ఆఫీసులో రెండు వారాలు వాదించింది.

రెండోది అత్తగారి మాత్రల డబ్బా. పోయినేడు అత్తగారు రాత్రి మాత్ర పొద్దున వేసుకుని రెండు రోజులు మత్తుగా పడుకుంది. అప్పుడు పెద్దకోడలు డబ్బా మీద సూర్యుడు, కంచం, మంచం బొమ్మలు గీసి అతికించింది. ఆ తర్వాత ఒక్క మాత్ర తప్పలేదు. క్లినిక్‌లో నర్సు చూసి, ఇంకా పదిమంది కోసం గీయించుకుంది. మూడోది హాల్లో స్విచ్ బోర్డు. పదకొండు స్విచ్‌లు, అన్నీ ఒకేలా ఉంటాయి. ఫ్యాను కోసం భర్త రోజూ ఇల్లంతా దీపావళి చేసేవాడు. ఆమె పక్కన బుల్లి గుర్తులు అంటించింది. “ఇదేమన్నా బాలవాడీయా?” అని మూడు నెలలు వెక్కిరించాడు, నాలుగో నెల నుంచి గుర్తు చూసి నొక్కుతున్నాడు. ఆ సంగతి అతనికి తెలియదు.

పేజీ తయారుచేసే సైటులో ప్రతి పని కిందా ఒక ప్రశ్న, దాని పక్కన జవాబు నింపే గడి ఉన్నాయి: “ఇందులో మీ పాత్ర ఏమిటి?” అది చదివి పెద్దకోడలు గట్టిగా నవ్వేసింది. తల తిప్పి చూస్తే సింకు నిండా తన పాత్రలే. పెద్దవి, చిన్నవి, అడుగంటినవి. నవ్వు ఆగాక ఆ గడి ముందు చాలాసేపు కూర్చుంది. ఇంట్లో ఏం చేసినా ‘చేశాం’ అని చెప్పడం అలవాటు. పాప పుట్టినరోజు చేశాం, అత్తయ్యకి కళ్ళ ఆపరేషను చేయించాం, ఇల్లు మారాం. చేతులు ఆమెవి, మాట అందరిదీ. ‘మేము’ అని రాసి, కొట్టేసింది. “సమస్య కనిపెట్టింది నేను. గీసింది నేను. వాడేవాళ్ళు ఒప్పుకునేదాకా ఆగింది నేను” అని రాసింది. రాశాక ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగి చూసింది. పాప మాత్రమే ఉంది, శనగపప్పు నేల మీద పోసి వరసలు పెడుతోంది.

గురువారం సాయంత్రానికి పేజీ తయారైంది. ఇక శుక్రవారం చిన్నకోడలు ‘రాను’ అనడమే తరువాయి.

శుక్రవారం పొద్దున్నే చిన్నకోడలు ఫోను పట్టుకుని వంటింట్లోకే వచ్చింది. “నా పక్కన ఉండక్కా, కాదని చెప్పాలంటే ఎందుకో భయంగా ఉంది,” అంటూ నంబరు కోసం వెతుకుతోంది. “ఇంకో ఆరు నెలలైనా ఫర్వాలేదు, మంచి పిలుపు వచ్చేదాకా ఆగుతా. పాప ఎలాగూ నీ దగ్గరే ఉంటుందిగా. నువ్వున్నావనేగా నా ధైర్యం.”

ఆరు నెలలు! పెద్దకోడలికి ఒక్కసారిగా అంతా కనబడింది. పైన మూసిన తలుపు, మెట్ల కింద అత్తగారి కాపలా, కింద తనూ, నడుముకి వేళ్ళాడే పాపా. ఆ తలుపు వెనక, లేని కంపెనీ కోసం ఎదురుచూపు. ఆ కంపెనీ తనే. ఆ కుర్చీ తనకి వచ్చినా, ఈ పిల్ల రోజూ ఫోను చూసుకుంటూ, ‘ఇవాళా ఎవరూ చూళ్ళేదక్కా’ అంటూ ముఖం వేలాడేసుకుంటే, తను రోజూ ఆ ముఖానికి అన్నం పెట్టాలి.

“ఫోను పెట్టెయ్,” అంది.

“ఏం?”

“ఆ నలభై మూడు సార్లూ చూసింది నేనే.”

చిన్నకోడలు ముందు నవ్వింది. తర్వాత ఆపింది. “నువ్వా? ఎందుకు?”

“కుళ్ళు.”

“ఏంటీ?”

“కుళ్ళే. ఆ నలభై నిమిషాలు మాత్రం నిద్రపోయాను. మిగతాదంతా కుళ్ళు.”

“దేనికక్కా? నా బొమ్మలకా?”

“బొమ్మలకి కాదు. వాటిల్లో సగం బాగాలేవు. ఏనుగు తప్ప. నీ తలుపుకి.”

చిన్నకోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తలుపు మాట ఆమె చెవికి ఎక్కిందో లేదో, ముందు పట్టుకున్నది మాత్రం ఇంకోటి. “సగం బాగాలేవా? ఏవి? చెప్పు, ఏవి?”

పెద్దకోడలు చెప్పింది. అక్షరాల ఎడం చెప్పింది, బూడిద రంగు చెప్పింది. ఆరు తీసెయ్యమంది. ఫోనులో తెరిస్తే మొదటి బొమ్మ సగం తెగిపోతోందంది. నీ నంబరు పేజీ అడుగున దాక్కుంది, ఉద్యోగం ఇవ్వాలనుకున్నవాడు దాన్ని వెతికేలోపు మనసు మార్చుకుంటాడంది. ఒక్కో బొమ్మా ఎవరి కోసం చేశావో, ఏం తేడా వచ్చిందో ఒక్క ముక్కైనా లేదంది. ఇన్నాళ్ళుగా పళ్ళ బిగువున దాచుకున్నదంతా ఐదు నిమిషాల్లో బయటికి వచ్చేసింది. వింటున్నంతసేపూ చిన్నకోడలు ముక్కు ఎగబీలుస్తూనే ఉంది.

“‘చాలా బాగుంది’ అన్నావు. పువ్వు కూడా పెట్టావు.”

“పెట్టాను.”

“ఛీ, అక్కా!” అని చిన్నకోడలు పైకి వెళ్ళి తలుపు దఢాలున వేసుకుంది. ఆ చప్పుడుకి అత్తగారు ఉలిక్కిపడి, “పోలియోకి ఏమైంది?” అని అరిచింది. కాసేపటికి పైనుంచి గొంతు వినబడింది: “ఆఁ, నేనేనండీ. చేరతాను. సోమవారం నుంచి వస్తాను.” పెద్దకోడలు మెట్ల కింద నిలబడి విన్నది. ఆ కుర్చీ వెళ్ళిపోయింది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు, ఆకలి వేసింది.

మధ్యాహ్నం చిన్నకోడలు కిందికి వచ్చి, ఫోను ఆమె ముఖానికి అడుగు దూరంలో పెట్టింది. “చదవొస్తోందా?”

రాత ఇప్పుడు నల్లగా ఉంది. పనులు ఐదే ఉన్నాయి. “ఇప్పుడొస్తోంది.”

“కోపం పోలేదు నీ మీద. చాలా ఉంది. వాళ్ళకి ఇంకొకరు కావాలట, చిన్నక్షరాలు తెలిసినవాళ్ళు. నీకు దరఖాస్తు లింకు పంపించాను. నీ గురించి ఒక్క మాట కూడా చెప్పను వాళ్ళకి. తెచ్చుకుంటే నువ్వే తెచ్చుకో.”

“చెప్పకు,” అంది పెద్దకోడలు. ఈ ఇంటికి వచ్చాక ఎవరైనా తనకి ఇంత మర్యాద ఇచ్చినట్టు గుర్తులేదు.

సాయంత్రం టీలు అయ్యాక కూతురి కంప్యూటరు మళ్ళీ గట్టు మీదికి వచ్చింది. పేరు రాసింది, చదువు రాసింది, పేజీ చిరునామా అతికించింది. హాల్లో అత్తగారు, “ఇద్దరూ పోతే ఎలారా, పాపని ఎవరు చూస్తారు?” అంటోంది. “తొమ్మిదేళ్ళయ్యాక దానికెవరిస్తారమ్మా?” అంటున్నాడు భర్త. “సరదాకి ఏదో నింపుకుంటోంది, నింపుకోనీ.” మరిది ఎటూ చెప్పకుండా పేపరు తిప్పుతున్నాడు. పాప అతని భుజం ఎక్కి చెవి పట్టుకుని లాగుతోంది. ఆమె లేచి వెళ్ళి పాపని దించలేదు. వాడి చెవి, వాడి కూతురు.

ఆఖరి గడి మిగిలింది. “ఎప్పటి నుంచి చేరగలరు?”

ఆమె వేళ్ళు అలవాటుగా కదిలాయి. “ఇంట్లో అడిగి చెబుతాను” అని కొట్టింది.

గడి కింద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ‘సరైన తేదీ ఇవ్వండి.’

“వీలు చూసుకుని చెబుతాను” అని కొట్టింది. మళ్ళీ ఎర్రగా అదే మాట. వచ్చే నెల కూతురి పరీక్షలు, నెలాఖరుకి అత్తగారి డాక్టరు, భర్త లంచ్ బాక్సు, ఇవేవీ ఆ గడిలో పట్టవు. రోజు, నెల, ఏడు. అంతే పడతాయి. ఎవరి అనుమతి ఉందని అది అడగడం లేదు.

హాల్లోంచి భర్త, “ఇదిగో, విన్నావా? ఏమాలోచించావు?” అని కేకేశాడు.

“ఒక్క నిమిషం,” అని, ఆమె పదిహేనో తారీఖు వేసింది. ఎర్ర అక్షరాలు మాయమయ్యాయి.